కలిసొచ్చిన రాయిని పగలగొట్టిన మేడం

మంగళవారం పొద్దున ల్యాబ్‌లో రొయ్యల చెరువుల నీళ్ళ సీసాలు వరసగా పేర్చుకుంటుంటే ఫోన్ మోగింది. రాజమండ్రి నుంచి మేడం గారి భర్త. "అమ్మా, మీ మేడం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు గారు" అన్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మొన్న ఆదివారమే కదా, ముప్పావుగంట నాతో ఫోన్లో ఒక జీను గురించి మాట్లాడారు! మధ్యలో నేను "మేడం, కూర మాడిపోతోందండి" అంటే "మాడనీ అమ్మా, ఇది విను" అన్నారు. అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా ఎలా వెళ్ళిపోతారండి?

వెంటనే అన్నయ్యకు చేశాను. మా అన్నయ్య మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీ చూసుకుంటాడు. ఓనరు వేరే, పనంతా వీడిది. వాడు, "రెండు వారాల్లో కొత్త బ్యాచి వెయ్యాలి చెల్లీ. నేను వెయ్యను. 'వెయ్యి బాబూ' అని మేడం గారు అనకుండా నా వల్ల కాదు. ఓనరు గారిని వేరే మనిషిని చూసుకోమంటాను" అన్నాడు. వాడికి ఆ పని తప్ప ఇంకేమీ రాదు, ఇంకేమీ ఇష్టం లేదు కూడా. ఆ మాట వాడి నోట రావడానికి కారణం చెప్పాలంటే మా మేడం గురించి మొదటినుంచీ చెప్పాలి. పోయినావిడ గురించి రాస్తూ ఇంత హుషారేంటి అని మీకు అనిపిస్తే ఆ తప్పు నాది కాదు, ఆవిడది.

మాది వేట మీద బతికే ఇల్లు. నాన్న పడవ మీద, అమ్మ చేపల తట్టతో నరసాపురం బజారులో. డిగ్రీకి రాజమండ్రి వచ్చినప్పుడు మైక్రోబయాలజీ అంటే ఏంటో నాకు తెలియదు, సీటు దొరికిందని చేరిపోయాను. మొదటి క్లాసులో మేడం బోర్డు దగ్గరికి కూడా వెళ్ళలేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో కాస్త పైకి పట్టుకుని గబగబా బెంచీల మధ్యకి వచ్చేసి, "ఈరోజు పళ్ళు తోముకోకుండా వచ్చినవాళ్ళు ఎవరు?" అన్నారు.

అందరం పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "నిజంగానే అడుగుతున్నానమ్మా. రేపు లేవగానే తోముకోకండి. ముందు నాలుకతో పళ్ళ మీద రాసి చూసుకోండి. జిగటగా తగుల్తుంది. అది మురికి అనుకుంటున్నారేమో, అది ఒక ఊరు!" మర్నాడు పొద్దున హాస్టల్ వరండాలో అమ్మాయిలందరం నోట్లో నాలుక తిప్పుకుంటూ నిలబడితే, వార్డెన్ గారు మాకేదో రోగం వచ్చిందని హడిలిపోయారు.

ఆ ఊరు ఎలా పుడుతుందో ఆవిడ చెప్పిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. నీళ్ళలో ఒంటరిగా ఈదే బాక్టీరియాకు గట్టి చోటు ఏదైనా దొరికితే అంటుకుంటుంది. అంటుకున్నాక దాని లోపల ఒక చిన్న సంకేత అణువు పెరుగుతుంది. అది పెరిగితే ఈదే తోకను నడిపే జీన్లు ఆగిపోతాయి, జిగురు తయారు చేసే జీన్లు మొదలవుతాయి. ఆ జిగురులో ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి కాపురాలు పెడతాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. "తోక ఆపు, జిగురు మొదలుపెట్టు!" అంటూ ఆవిడ స్విచ్ బోర్డు దగ్గరికి పరిగెత్తి ఫ్యాను ఆపి లైటు వేసేవారు. "మళ్ళీ ఊరు వదిలి పోవాలా? జిగురు ఆపు, తోక మొదలుపెట్టు!" అని లైటు ఆపి ఫ్యాను వేసేవారు. రాజమండ్రి ఉక్క తెలుసు కదా మీకు. ఫ్యాను ఆగిన ప్రతిసారీ క్లాసంతా "మేడం!" అని గోల పెట్టేది. ఆవిడకు వినపడితే కదా! "జీను తలరాత కాదమ్మా, స్విచ్చు" అనేవారు. నా నోట్సులో మొదటి పేజీలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే, మిగతా పేజీ అంతా చెమట మరకలు.

ప్రాక్టికల్స్‌లో నా పరువు పోయిన రోజు కూడా చెప్పాలి. గాజు గొట్టాల్లో బాక్టీరియా వేసి, కదపకుండా రెండు రోజులుంచి, పారబోసి, మెల్లగా కడిగి, ఊదా రంగు పొయ్యాలి. ఆ రంగును కూడా కడిగేస్తే, బాక్టీరియా గాజుకు అంటుకున్న చోట మాత్రం ఊదా వలయం మిగులుతుంది. అందరి గొట్టాల్లో చక్కగా వలయాలు. నా గొట్టం మాత్రం అద్దంలా ఉంది.

"ఏమ్మా, ఎలా కడిగావు?"

"బాగా కడిగానండి. బ్రష్షు పెట్టి."

"చేపల గిన్నె తోమినట్టు తోమేశావా!" అని ఆవిడ బల్ల పట్టుకుని మరీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. తట్ట మోసే ఇంటి పిల్లనని ఎగతాళి చేస్తున్నారేమో అని ముక్కుపుటాలు అదిరాయి కూడా. ఆవిడ నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "కోపం తెచ్చుకోకు. నీ తప్పు భలే తప్పు తెలుసా? బ్రష్షు పెడితే ఊరు పోయింది. మరి బ్రష్షు దూరని చోట ఉంటే?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లోనే దొరుకుతుందని అప్పుడు ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ తర్వాతి నెల ఆవిడ స్నేహితురాలు ఎవరో పెద్ద ల్యాబ్ నుంచి రెండు సీసాలు పంపారు. రెండింట్లోనూ ఒకే బాక్టీరియా, కాకపోతే ఒకదాంట్లో జిగురు తయారు చేయించే జీనును విరగ్గొట్టారు. ఒక్క జీను! గొట్టాల్లో పెంచి రంగు పోస్తే మామూలుదానికి చిక్కటి ఊదా వలయం, విరిగినదానికి ఏమీ లేదు. ఇంకో రెండు గొట్టాల్లో మళ్ళీ పెంచి, రెండింటి మీదా ఒకే యాంటీబయాటిక్ అంతే మోతాదు పోశాం. జీను విరిగినది తుడిచిపెట్టుకుపోయింది. ఊరు కట్టుకున్నది బతికింది.

నేను ఎగిరి గంతేశాను. "మేడం, ఇది మందును ఓడించేసిందండి!"

"ఆగమ్మా ఆగు. ఆ బతికినవాటిని తీసి, మళ్ళీ కొత్తగా పెంచి, నీళ్ళలో విడిగా ఈదుతున్నప్పుడు అదే మందు వేసి చూడు."

వేశాను. అన్నీ చచ్చాయి! రెండు రోజుల క్రితం మందును లెక్కచెయ్యని వాటి పిల్లలే! నాకు బుర్ర తిరిగిపోయింది. ఆవిడ కళ్ళు మాత్రం మెరిసిపోతున్నాయి. "చూశావా? మందును ఎదిరించే విద్య ఏదీ అవి నేర్చుకోలేదు. జిగురు అడుగున తిండి తక్కువ, అందుకని పెరగడం ఆపేసి పడుకున్నాయి. ఈ మందు పెరిగేవాటినే కొడుతుంది, పడుకున్నవాటిని ఏం చేస్తుంది? ఎదిరించడం వేరు, ఓర్చుకోవడం వేరు. ఓర్చుకున్నది మందు పోయాక లేస్తుంది. అందుకే చచ్చిందని అప్పుడే రాయకు, ఇంకో రెండు రోజులు చూడు" అన్నారు. ఆ సంవత్సరమంతా మా రికార్డు పుస్తకాల్లో "చచ్చింది" అని రాసిన చోటల్లా ఎర్ర సిరాతో "తొందర!" అని రాసేవారు.

చదువై నేను చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో చేరాను. అప్పటికి అన్నయ్యకు హేచరీలో మంచి పేరు. అలాంటిది వరసగా మూడు బ్యాచీలు పోయాయి. ట్యాంకులో రొయ్యపిల్ల వేసిన కొద్ది రోజులకే, షెడ్డులో లైటు ఆపితే ట్యాంకు నీళ్ళు నీలంగా మెరిసేవి. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో, అంత దరిద్రం అది. మెరిసే బాక్టీరియా పట్టిందని అర్థం, మర్నాటికి పిల్ల అడుగున పడిపోయేది. మా వైపు హేచరీ మనిషికి చెయ్యే ఆస్తి. "వాడి చెయ్యి మంచిది" అంటే రైతులు వెతుక్కుంటూ వస్తారు. ఇప్పుడు "వాడి చెయ్యి పడితే పిల్ల నిలవట్లేదు" అనడం మొదలుపెట్టారు. ఓనరు గారు "ఇంకొక్క బ్యాచి చూద్దాం బాబూ" అన్నారు. అది కూడా పోతే అన్నయ్యను మాన్పించేస్తారని మా అందరికీ తెలుసు. వాడు అన్నం ముందు కూర్చుని చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయేవాడు, అమ్మ లోపలికి వెళ్ళి ఏడ్చేది.

ఇందులో నా పాపం కూడా ఉంది. మూడో బ్యాచి ఉన్నప్పుడు ట్యాంకు నీళ్ళు నా ల్యాబ్‌కే పంపాడు. ఒక కొట్టువాడు లేబుల్ లేకుండా అంటగట్టిన యాంటీబయాటిక్ మందు కూడా పంపాడు. పరీక్ష చేస్తే శుభ్రంగా చంపుతోంది. "పని చేస్తుంది" అని రిపోర్టు ఇచ్చాను, మహా గొప్పగా! రొయ్యలకు అలాంటి మందులు వాడకూడదని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. వాడు పోశాడు. రెండు రోజులు మెరుపు పోయింది, మూడో రోజు మళ్ళీ వచ్చింది. అప్పుడు సిగ్గు విడిచి మేడంకి ఫోన్ చేశాను.

"నువ్వు పరీక్ష చేసింది ఈదుతున్నదాన్ని. పడుకున్నదాన్ని ఎక్కడ వెతికావమ్మా?" అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా నరసాపురం బస్టాండులో దిగారు, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సీసాల సంచి.

హేచరీలో అడుగు పెట్టగానే ట్యాంకు గోడలు వేళ్ళతో తడిమారు. నున్నగా ఉన్నాయి. బ్లీచింగ్ పోసి కడిగి ఎండబెట్టడంలో మా అన్నయ్యకు వంక పెట్టలేరు. పైపులు చూశారు. వాటిలో కాస్త జిగురు ఉంది, అంత కాదు. అప్పుడు ట్యాంకు అడుగున గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్లు చూపించి, "ఇవి ఎప్పుడు మార్చారు బాబూ?" అన్నారు.

అన్నయ్య తల దించుకున్నాడు. అమ్మే చెప్పింది. "అవి మార్చమండి. కలిసొచ్చిన రాళ్ళండి అవి."

మా వైపు కొందరికి ఉన్న నమ్మకం ఇది. పైకి చెప్పరు. బాగా నిలిచిన బ్యాచిలో వాడిన రాళ్ళను దాచిపెట్టుకుంటారు, పసుపు కుంకుమ పెట్టి ప్రతి కొత్త ట్యాంకులోనూ ముందు వాటినే వేస్తారు. మా రాళ్ళు అన్నయ్యకు పేరు తెచ్చిన మొదటి బ్యాచివి. గట్టిగా కడిగితే కలిసొచ్చింది కడుక్కుపోతుందని అమ్మ భయం. అందుకని మంచినీళ్ళతో ఒక్కసారి తడిపి ఊరుకునేవారు. నేను కూడా వాటికి దణ్ణం పెట్టినదాన్నే, మైక్రోబయాలజీ చదివి మరీ!

మేడం ఒక్క మాట వెటకారంగా అనలేదు. అమ్మ పక్కన గట్టు మీద కూర్చుని, "అమ్మా, నాకు ఒక్కటి ఇవ్వండి. మిగతావి మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు.

"ఏం చేస్తారండి?"

"పగలగొడతానండి."

"వద్దు మేడం గారూ!" అన్నాడు అన్నయ్య. "మూడు బ్యాచీలు పోయాయి. ఉన్న ఆ కాస్త కలిసొచ్చేదాన్ని కూడా పగలగొడితే నాకు ఇంకేం మిగుల్తుందండి?"

అమ్మ లేచి, ఒక రాయి తెచ్చి మేడం చేతిలో పెట్టింది. "చదువుకున్న చెయ్యి, కానివ్వండి" అంది.

సుత్తితో ఒక్క దెబ్బ. రాయి రెండయింది. పైకి తెల్లగా ఉన్న రాయి లోపల గోధుమరంగు జిగురు, సన్నటి రంధ్రాల నిండా. కుళ్ళిన రొయ్యపొట్టు వాసన గుప్పుమంది. మేము ముక్కులు మూసుకున్నాం. మేడం మాత్రం ముక్కును దాని మీదికే పోనిచ్చి, "అబ్బబ్బ! అద్దిరిపోయింది! ఎంత పెద్ద ఊరో చూడండి!" అన్నారు. అన్నయ్య ఆవిడను కొట్టేస్తాడేమో అనిపించింది నాకు.

ఆవిడ రెండు సీసాలు పెట్టారు. ఒకదాంట్లో ట్యాంకు నీళ్ళు, ఒకదాంట్లో రాతి ముక్క. రెండింట్లోనూ అన్నయ్య వాడిన మందే. మర్నాడు నీళ్ళను బాక్టీరియా దూరని సన్నటి ఫిల్టరులో వడకట్టి, రాతి ముక్కను కడిగి మందు వదిలించారు. ఆ ఫిల్టరుకూ, రాతి ముక్కకూ శుభ్రమైన సముద్రపు నీళ్ళు, కాస్త మేత. "ఇంకో రెండు రోజులు చూద్దాం" అని మా ఇంట్లోనే ఉండిపోయారు. అమ్మ పెట్టిన చేపల పులుసు తింటూ, గిన్నె అడుగును వేలితో రాసి చూసి, "ఇది మాత్రం ఊరు కాదమ్మా, పులుసే" అనేవారు.

మూడో రోజు మధ్యాహ్నం నలుగురం మేత బస్తాల గదిలోకి దూరి తలుపు వేశాం. కిటికీకి గోనెసంచి కట్టాం. కళ్ళు చీకటికి అలవాటు పడాలని మేడం ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఆ ఉక్కలో, ఆ మేత వాసనలో చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాం. కాసేపటికి ట్యాంకు నీళ్ళ సీసా ఎక్కడుందో కనబడలేదు. రాయి ఉన్న సీసా మాత్రం మెల్లగా, నీలంగా వెలిగింది. మందు తాగి, పడుకుని, లేచి, మళ్ళీ గుంపై, గుంపుగా ఉంటేనే పనిచేసే వెలుగు జీన్లను మేల్కొలుపుకున్నాయి! ఆ చీకట్లో మేడం నా చెయ్యి నొక్కిన నొక్కుకి గాజులు గుచ్చుకున్నాయి.

"అంటే నేనేనా మేడం గారూ?" అన్నాడు అన్నయ్య. "ప్రతిసారీ నా చేత్తో నేనే వేశానా?"

ఇంకొకరైతే కాదని ఓదార్చేవారు. ఆవిడ, "ఆయ్, నువ్వే బాబూ" అన్నారు. "నీ చెయ్యి మంచిదా చెడ్డదా అని అందరూ చూస్తున్నారు గానీ, చేతిలో ఏముందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు మనం చూశాం కదా. పద, పని ఉంది."

మిగిలిన రాళ్ళను ఇంట్లో దేవుడి దగ్గర పెట్టుకోమని, ట్యాంకులో మాత్రం వెయ్యొద్దని అమ్మకు చెప్పారు. మందు ఆపించారు. "పడుకున్నవాటి మీద రోజూ మందు పోస్తే ఏదో ఒక రోజు నిజంగానే ఎదిరించడం నేర్చుకుంటాయి, అప్పుడు నీకే కాదు, మనుషులకీ మందుండదు" అన్నారు. నా రిపోర్టు గురించి ఏమీ అనలేదు, ఎర్ర సిరా పెన్ను మాత్రం ఒకటి నా చేతిలో పెట్టారు. కొత్త రాళ్ళు, కొత్త పైపులు, రోజుల తరబడి ఎండ. నాలుగో బ్యాచి వేశాక అన్నయ్య రోజూ షెడ్డులో లైటు ఆపి ఫోన్లో అరిచేవాడు: "చీకటి మేడం గారూ! కటిక చీకటి!" అటు నుంచి ఆవిడ "అద్దిరిపోయింది!" చీకటికి అంతగా సంబరపడ్డ ఇల్లు మాదే అయి ఉంటుంది. ఆ బ్యాచి నిలిచింది. రైతులు మళ్ళీ వచ్చారు.

అప్పటినుంచి ప్రతి బ్యాచి ముందూ అన్నయ్య ఒక రాయి, ఒక పైపు ముక్క బస్సులో రాజమండ్రి పంపేవాడు. రిటైరయ్యాక కూడా ఆవిడ ఇంట్లో బల్ల మీద ఊదా రంగు పోసి చూసి, "వలయం లేదు. వెయ్యి బాబూ" అనేవారు. ఆ మాట కోసం వాడు ముహూర్తాలు కూడా మార్చుకునేవాడు.

పెద్దకర్మ రోజున మేడం గారి భర్త మమ్మల్ని ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, "ఏదైనా తీసుకో బాబూ" అన్నారు. అన్నయ్య అన్నీ చూసి, ఆవిడ రంగు కలిపే గాజు కడ్డీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. దారి పొడుగునా దాన్ని తడుముకుంటూనే ఉన్నాడు. నాకు భయం పట్టుకుంది. అయిపోయింది, ఇంకో కలిసొచ్చిన రాయి తయారైంది అనుకున్నాను.

బ్యాచి వెయ్యాల్సిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. రాళ్ళు, పైపులు నేనే పరీక్ష చేసి, "వలయం లేదు అన్నయ్యా, వెయ్యి" అన్నాను. "నీ రిపోర్టుల సంగతి నాకు తెలుసులే" అన్నాడు ఆ దొంగమొహం. పిల్ల డబ్బాలు వచ్చేశాయి. ఓనరు గారు ట్యాంకు దగ్గర నిలబడి ఉన్నారు. వీడు వాళ్ళను అక్కడే వదిలేసి షెడ్డు వెనకే ఉన్న మా ఇంట్లోకి నడిచాడు. వెనకాలే పరిగెత్తాను.

వంటింట్లో పొయ్యి మీద కుక్కర్. పక్కన అమ్మ, చేతిలో పసుపు గిన్నె. "మేడం గారి కడ్డీరా, ఒట్టిగా ఎలా వేస్తావు? కాస్త పసుపు రాయనీ" అంటోంది.

"రాయమ్మా, ఎంత కావాలంటే అంత రాయి" అన్నాడు అన్నయ్య. "కాకపోతే కుక్కర్లో పెట్టకముందు రాయి. తీశాక నువ్వు కాదు కదా, నేను కూడా ముట్టుకోకూడదు. నీళ్ళు ఒక్కసారి కలిపి తీసేసి, మళ్ళీ బ్యాచికి మళ్ళీ ఉడకబెట్టాలి."

నేను గుమ్మంలో కూలబడి నవ్వాను, ఏడ్చాను, ఏది ముందో తెలియదు. విజిల్ వచ్చాక వాడు మంట తగ్గించి, గోడ గడియారం కింద నిలబడి ఇరవై నిమిషాలు నిమిషం నిమిషం చూశాడు. ఆవిరి పోయి మూత తీస్తే నీళ్ళు పచ్చగా ఉన్నాయి, కడ్డీ మాత్రం తళతళలాడుతోంది. ఉడికించిన పట్టకారుతో దాన్ని పట్టుకుని, దేనికీ తగలకుండా చెయ్యి పైకెత్తి, "జరగండి, జరగండి" అంటూ వాడు ట్యాంకుల వైపు గబగబా నడుస్తుంటే, పిల్ల డబ్బాలు మోస్తున్నవాళ్ళు, అమ్మ, ఓనరు గారు, అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు.